ఆ నొప్పికి ఆరు గంటలే టైమ్

రాత్రి రెండు గంటలు. ఇంటర్ చదివే కుర్రాడు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచాడనుకోండి. ఒకవైపు వృషణంలో తట్టుకోలేని నొప్పి, వెంటనే వాంతి. అమ్మకి చెప్పాలంటే సిగ్గు, నాన్నకి చెప్పాలంటే భయం. ఏదో మాత్ర వేసుకుని, ఫోన్‌లో వెతుక్కుంటూ తెల్లారేదాకా అలాగే పడుకుంటాడు. చేజారకూడని టైమ్ సరిగ్గా అదే!

వృషణం ఒక తాడులాంటి రక్తనాళాల కట్టకి వేలాడుతుంటుంది. కొందరికి పుట్టుకతోనే అది సంచి లోపల సరిగ్గా అతుక్కుని ఉండదు, గుడి గంట నాలుకలా ఊగుతుంటుంది. అలాంటప్పుడు ఆ తాడు మెలి పడొచ్చు. నీళ్ల పైపు మెలి పడితే ధార ఆగిపోయినట్టే రక్తం ఆగిపోతుంది. దీన్నే డాక్టర్లు 'టెస్టిక్యులర్ టార్షన్' అంటారు. ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య వస్తుంది, ఆ తర్వాత కూడా రావచ్చు. దెబ్బ తగలాల్సిన పనే లేదు. కొందరికి నొప్పి పొత్తికడుపులోనే మొదలవుతుంది.

6 గంటల్లోపు మెలిక విప్పితే దాదాపు పదింట తొమ్మిదిసార్లు వృషణం దక్కుతుంది. 24 గంటలు దాటితే దక్కడం అరుదు. ఆలస్యమైందని ఆగిపోకండి, అప్పుడైనా వెళ్లాల్సిందే.

దీనికి చేసే పరీక్ష కలర్ డాప్లర్ అల్ట్రాసౌండ్. సూది లేదు, రేడియేషన్ లేదు. జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు, అంతే. స్క్రీన్ మీద రక్తప్రవాహం ఎరుపు, నీలం రంగుల్లో కనిపిస్తుంది. మంచి రక్తం, చెడు రక్తం అని కాదు, ప్రోబ్ వైపు వస్తోందా, దూరంగా పోతోందా అని చెప్పే రంగులవి. నొప్పి ఉన్న వైపు రంగులే లేకపోతే టార్షన్ అని అర్థం. ఇన్ఫెక్షన్ అయితే మాత్రం అక్కడ రంగులు మామూలు కన్నా ఎక్కువగా కనిపిస్తాయి. దానికి మందులు చాలు, దీనికి ఆపరేషన్ కావాలి.

అయితే మెలిక సగమే పడితే స్కాన్‌లో రక్తం కనిపించొచ్చు కూడా. అందుకే లక్షణాలు స్పష్టంగా ఉంటే సర్జన్లు స్కాన్ కోసం ఆగరు. స్కానింగ్ సెంటర్ ఎప్పుడు తెరుస్తారా అని మీరూ ఎదురుచూడొద్దు. నేరుగా ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. దారిలో ఏమీ తినకండి, తాగకండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

ఆపరేషన్‌లో మెలిక విప్పి, మళ్లీ తిరగకుండా రెండు వైపులా కుట్లు వేస్తారు. ఒకవేళ ఒకటి పోయినా, రెండోది బాగుంటే పిల్లలు పుట్టడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు.

నోటితో చెప్పలేకపోతే పక్క గదిలో ఉన్న అమ్మకే వాట్సాప్ చేయండి: "కింద ఒకవైపు బాగా నొప్పిగా ఉందమ్మా, ఇప్పుడే హాస్పిటల్‌కి వెళ్దాం." ఆ మెసేజ్‌కి సిగ్గుపడేది ఓ పది నిమిషాలు. పంపకపోతే ఆ నష్టం జీవితాంతం ఉండిపోవచ్చు.