సన్న గొట్టం, లావు గొట్టం... మధ్యలో గుడ్డపీలిక!

ఏమండీ, మీ బాత్రూమ్‌లో వాష్‌బేసిన్ కిందికి ఎప్పుడైనా తొంగి చూశారా? బేసిన్ తళతళలాడేలా తోముతాం, పైన అద్దం తుడుస్తాం. కింద ఏముందో మాత్రం చూడం. నేనూ చూడలేదు. పోయిన వర్షాకాలంలో మా అత్తయ్యగారు అక్కడ కాలు జారి పడేదాకా చూడలేదు.

దేవుడి దయవల్ల ఎముకలేం విరగలేదు గానీ, మోచెయ్యి వాచి పది రోజులు బాధపడ్డారు. "ఇక్కడ నేల తడిగా ఉంటోందే అమ్మాయ్" అని ఆవిడ అంతకుముందు రెండుసార్లు అన్నారు. "పిల్లలు చేతులు కడిగి విదిలించి ఉంటారులెండి" అని నేనే తేలిగ్గా తీసేశాను. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం టార్చిలైటు పట్టుకుని కింద కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. అంతకు ఆర్నెల్ల ముందు పాత బేసిన్ తీయించి కొత్తది పెట్టించాం. కొత్తదానికి వచ్చిన గొట్టం సన్నది. గోడలో ఉన్న పాత గొట్టం లావుది. ప్లంబరు సన్నదాని కొసను లావుదానికి ఆనించి, చుట్టూ సందులో గుడ్డపీలిక కుక్కి, పైన తెల్ల సిమెంటు మెత్తి, "ఇంక ఢోకా లేదమ్మా" అని డబ్బులు తీసుకుని వెళ్ళాడు. సిమెంటు బీటలిచ్చింది, గుడ్డ కుళ్ళింది. నీళ్ళు చుక్కచుక్కగా గోడ వెంట జారుతున్నాయి. చాప కింద నీరు అంటారే, అచ్చం అలాగే! రాత్రిళ్ళు వచ్చే వాసనకీ, బొద్దింకలకీ కూడా ఆ సందే దారి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. గొట్టాల సైజులు కలవకపోవడం పెద్ద దోషమేం కాదు. నీళ్ళు సన్న గొట్టంలోంచి లావు గొట్టంలోకి పోతే ఏ ఇబ్బందీ లేదు. లావుదాంట్లోంచి సన్నదాంట్లోకి పంపితేనే వెంట్రుకలూ, సబ్బు జిడ్డూ ఆ ఇరుకులో ఆగి పూడిపోతాయి. అసలు తప్పల్లా మధ్యలో సందుని చేతికందినదానితో పూడ్చడమే.

దుకాణానికి వెళ్ళేముందు కొలత కావాలి కదా! కుట్టుమిషను దగ్గరి టేపు చాలు. గొట్టం చుట్టూ టేపు చుట్టి, వచ్చినదాన్ని 3.14తో భాగించండి. బళ్ళో చదివిన వృత్తం లెక్క నాకు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. చుట్టుకొలత 10 సెంటీమీటర్లు ఉంటే అది 32 మిల్లీమీటర్ల గొట్టం. బేసిన్ కింద ఎక్కువగా ఉండేది ఇదే. పన్నెండున్నర వస్తే 40, పదిహేనున్నర దాటితే 50. గోడలో గొట్టం నోరు మాత్రమే కనబడుతుంటే స్కేలు అడ్డంగా పెట్టి లోపలి వెడల్పు కొలవండి. రెండు కొలతలూ చీటీ మీద రాసుకోండి.

శానిటరీ సామాన్ల దుకాణంలో ఇలాంటి సందుకి నడుమ రంధ్రం ఉన్న రబ్బరు రింగు అడగండి. బయటి అంచు లావు గొట్టం నోట్లో, లోపలి రంధ్రం సన్న గొట్టం మీద బిగుతుగా పట్టాలి. ఖరీదు కూడా పెద్దగా ఉండదు. ఇక నేను చేసిన పద్ధతి చెబుతాను.

1. కింద బకెట్ పెట్టి సన్న గొట్టం ఊడదీయండి. పాత గుడ్డ, సిమెంటు పెచ్చులు బయటికి లాగండి. లోపలికి నెట్టారో, గొట్టం పూడుకుపోతుంది!

2. గోడ గొట్టం నోరు శుభ్రంగా, పొడిగా తుడిచి రబ్బరు రింగు కూర్చండి.

3. సన్న గొట్టం కొసకి సబ్బునీళ్ళు రాసి, రెండు వేళ్ళ మందాన లోపలికి తొయ్యండి. గొట్టం గోడవైపు కాస్త వాలుగా ఉండాలి.

4. పైన నట్టుని చేత్తోనే బిగించండి. పానాతో బలంగా తిప్పితే ప్లాస్టిక్ చీలుతుంది. లోపలి వాషరు పాతదైతే మార్చెయ్యండి.

5. బేసిన్ నిండా నీళ్ళు పట్టి ఒక్కసారిగా వదలండి. కింద పాత పేపరు పరిచి రాత్రంతా ఉంచండి.

ఈ అతుకుకి మాత్రం ప్లాస్టిక్ గొట్టాలు అంటించే జిగురు వాడకండి. ఎప్పుడైనా పూడుకుంటే మళ్ళీ విప్పుకోవాలి కదా. తడి గోడ లోపలి నుంచే వస్తుంటే అది మన చేతిలో పని కాదు, మంచి ప్లంబరుని పిలిచి, పక్కనే నిలబడి చేయించుకోండి.

ఇంకో సంగతి. బేసిన్ కింద గిన్నెలా ఉండే బాటిల్ ట్రాప్‌లో నిలిచే నీళ్ళే వాసనని పైకి రాకుండా ఆపుతాయి. వేసవిలో చాలా రోజులు ఊరెళ్ళొస్తే అవి ఆరిపోతాయి. రాగానే ఒక చెంబుడు నీళ్ళు పోస్తే సరి.

మర్నాడు పొద్దున్నే చూస్తే మా పేపరు కరకరలాడుతూ పొడిగా ఉంది. అత్తయ్యగారిని పిలిచి చూపించాను. "నే చెప్పలా!" అన్నారు నవ్వుతూ. నిజమే, చెప్పారు. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళు "తడిగా ఉంటోందే" అంటే, ఆ ఒక్కసారి వంగి చూడండి.