కిన్నెరసాని ఒడ్డున వుజూ

వేసవి సెలవులలో పిల్లలు ద్వీపాలు చూపించమని అడుగుతారు. అండమాను దాకా వెళ్లలేని మన కుటుంబాలకు పాల్వంచ చెంత కిన్నెరసాని జలాశయం ఉన్నది. దాని నడుమ అడవి కప్పిన చిన్న ద్వీపాలున్నాయి. అయితే ఆ నీటిలో మొసళ్లు కూడా ఉన్నాయి. కనుక వుజూ కోసం ఒడ్డుకు దిగరాదు. ఇంటి నుండే సీసాలలో నీరు తీసుకువెళ్లండి. నీటి దగ్గర క్రూరజంతువు భయముండి, వేరే నీరు దొరకనప్పుడు తయమ్ముమ్ చేసుకోవచ్చునని ఫుఖహాలు స్పష్టం చేశారు. ప్రాణాన్ని అపాయంలో పెట్టి చేసే వుజూకు అదనపు పుణ్యమేమీ లేదు.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ బురఖా పైననే కట్టుకోవాలి. పిల్లలకు వారి కొలతది అడిగి తీసుకోవాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పడవ మునిగిన సంగతి మరువదగినది కాదు. జాకెట్ తవక్కుల్‌కు విరుద్ధమనే పెద్దలకు, ముందు ఒంటెను కట్టమన్న ప్రవక్త (స) బోధను వినయంగా గుర్తు చేయండి.

ఇక నమాజు. హనఫీ మజ్హబ్‌లో ఖస్ర్ దూరం సుమారు 77 కిలోమీటర్లు. ఖమ్మం నుండి వచ్చినవారు జుహర్, అస్ర్ రెండేసి రకాతులు చేస్తారు. భద్రాచలం వారికి దూరం చాలదు, నాలుగూ చేయాలి. ఖమ్మం అతిథి ఇమామ్ అయితే రెండు రకాతులకు సలాం చెబుతారు, భద్రాచలం వారు లేచి మిగిలిన రెండూ పూర్తి చేసుకోవాలి. భద్రాచలం వారే ఇమామ్ అయితే అతిథులు సైతం వారి వెనుక నాలుగూ చేయాలి.