గుర్తును కాలంతో కలిపి చదవాలి

మౌతార్గాన్ అనగానే చాలామందికి జ్ఞాపకం వచ్చే పేరు హోనర్. ఆ జర్మన్ కంపెనీవారి పాత వాయిద్యాల పైరేకు మీద రెండు చేతులు పట్టుకున్న వలయం, ఆ వలయంలో ఆరు కోణాల నక్షత్రం కనిపిస్తాయి. అది చూసి హోనర్ యూదుడని తేల్చేసేవారున్నారు. యూదుడైతే హిట్లర్ కాలంలో ఆ కంపెనీ ఎలా బతికి బట్టకట్టిందని మరో కథ అల్లేవారూ ఉన్నారు. ఇద్దరూ గుర్తును చూశారు గాని దాని కాలాన్ని చూడలేదు.

మథియాస్ హోనర్ యూదుడు కాడు. దక్షిణ జర్మనీలోని ట్రోసింగెన్‌లో గడియారాలు చేసుకునే పనివాడు. 1857లో మౌతార్గాన్ల తయారీకి దిగి, మొదటి ఏడాది 650 చేశాడు. పేరుమోసిన మెరీన్ బ్యాండ్ 1896లో వచ్చింది. ఆయన పోయిన మరుసటి ఏడు, 1903లో, కంపెనీ అకార్డియన్లు కూడా మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఆ నక్షత్రం ఒక్క యూదులదే కాదు. దక్షిణ జర్మనీలో బీరు కాచేవారి గుర్తూ అదే. ప్రాగ్ యూదులు మధ్యయుగంలోనే దాన్ని జెండా మీద పెట్టుకున్నారన్నది నిజమే. కాని యూదులందరి ఉమ్మడి చిహ్నంగా అది స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. 1897లో బాసెల్‌లో జరిగిన మొదటి జయనిస్టు మహాసభతో దానికి రాజకీయమైన గుర్తింపు కూడా వచ్చింది.

ఆకారం ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటే కానక్కరలేదు. మన సుబ్రహ్మణ్య యంత్రంలో షట్కోణం ఉంది. ఢిల్లీలో హుమాయూన్ సమాధి గోడల మీదా ఉంది. అంతదూరం పోనక్కరలేదు, జగిత్యాల కోటనే చూడండి. 18వ శతాబ్దంలో ఎలగందుల పాలకుడు ఇబ్రహీం ధంసా కట్టించిన ఆ కోట నక్షత్రాకారంలో ఉంటుంది. అందులో మతమూ లేదు, మంత్రమూ లేదు. గోడ తిన్నగా ఉంటే దాని అడుగుకు చేరిన శత్రువు పైవాడికి కనపడడు. మూలలు ముందుకు పొడుచుకు వస్తే ఒక మూలనున్న ఫిరంగి పక్క గోడను కాస్తుంది. ఐరోపాలో పుట్టిన ఈ యుద్ధవిద్య ఫ్రెంచివారి ద్వారా ఇక్కడికి చేరింది. ఆ కోటను చూసి కట్టించినవాడి మతం చెప్పబోతే నవ్వమా?

అలాగని గుర్తులన్నీ ఉత్త గీతలని కొట్టిపారేయడమూ తప్పే. 1930ల చివర, నాజీల ఏలుబడిలో, హోనర్ రేకుల మీది నక్షత్రాన్ని తొలగించారు. పెట్టినవాడి ఉద్దేశమేమిటని ఎవరూ అడగలేదు. 1941 సెప్టెంబరు నుంచి జర్మనీలో ఆరేళ్ళు దాటిన ప్రతి యూదుడూ పసుపుపచ్చ నక్షత్రాన్ని బట్టలకు కుట్టుకోక తప్పలేదు. వాయిద్యం మీద ఉండకూడదన్న గుర్తునే మనిషి గుండె మీద ఉండి తీరాలన్నారు. ఆ తరువాత ఆ నక్షత్రాన్ని పాత కళ్ళతో చూడటం ఎవరి తరమూ కాదు.

ఈ గొడవ మనకెందుకంటారా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఏ ఊరికి వెళ్ళినా గడపల మీద, కొత్త లెక్కల పుస్తకాల మీద పసుపు కుంకుమలతో దిద్దిన స్వస్తిక్ కనిపిస్తుంది. నాజీ పార్టీ దాన్ని జెండాకెక్కించింది 1920లో. 2007లో జర్మనీ దాన్ని యూరోపియన్ యూనియన్ అంతటా నిషేధించాలని తలపెట్టినప్పుడు బ్రిటన్‌లోని హిందువులు అభ్యంతరం చెప్పారు. మా గుర్తు వేల ఏళ్ళది, హిట్లర్‌తో ముడిపెట్టకండి అన్నారు. న్యాయమైన మాటే. అయితే ఆ న్యాయం మనం ఇతరులకూ చేయాలి కదా! మన స్వస్తిక్‌ను దాని చరిత్రతో చదవమని లోకాన్ని అడిగేవాళ్ళం, ఎదుటివాడి నుదుటి బొట్టునో, టోపీనో, మెడలోని శిలువనో చూసి ఒక్క క్షణంలో అతని మనసంతా చదివేశామనుకోవడం ఏం సబబు? ఆ గుర్తు ఎప్పుడు, ఎవరిచేత, ఎందుకు పుట్టిందో అడగడానికి పట్టేది కాసేపే. అలాగే, స్వస్తిక్ కింద అయినవారిని పోగొట్టుకున్న మనిషి మన గడప ముందు ఒక్క క్షణం ఆగిపోతే నొచ్చుకోకుండా, లోపలికి పిలిచి కూర్చోబెట్టి మన కథ చెప్పాలి, ఆయన కథ వినాలి. మీరేమంటారు?