దండనకు ముందు వైద్యము

డోపమిన్‌ను ‘ఆనంద రసాయనము’ అని పలువురు పిలుచుచున్నారు. ఇది అర్ధసత్యము. ఏ గ్రాహకమును తాకినదో దానిని బట్టి దాని ఫలితము మారును. 1979లో కెబాబియన్, కాల్న్ అను శాస్త్రజ్ఞులు ఈ గ్రాహకములను డి-1, డి-2 అని రెండు తరగతులుగా విభజించిరి.

కొకైన్ సేవించినపుడు మెదడులో డోపమిన్ వెల్లువెత్తును. మరల మరల సేవించినచో, డి-1 గ్రాహకములు గల నాడీకణములు డైనార్ఫిన్ అను న్యూరోపెప్టైడును అధికముగా తయారుచేయును. అది డోపమిన్ విడుదలను అణచి, మనస్సును దిగులులో ముంచును. ఆ దిగులును బాపుకొనుటకు వ్యసనపరుడు తిరిగి ఆ మత్తునే ఆశ్రయించును.

కనుక వ్యసనమును కేవలము శీలలోపముగా ఎంచరాదని మా విశ్వాసము. మత్తుకు చిక్కిన విద్యార్థిని కళాశాల నుండి వెడలగొట్టుటకు ముందు వైద్యుని యొద్దకు పంపవలెనని పాలకవర్గమును కోరుచున్నాము. సహపాఠులమైన మనమును అతనిని వెలివేయరాదు.