పరుగు మనది, పేజీ వాళ్ళది

ఈ పక్షం పరుగు పందెం గురించి రాస్తున్నాం. భూమి గురించి రాయక, కూలి రేట్ల గురించి రాయక ఈ ఆటల గొడవ మనకెందుకు అని కొందరు అన్నలు అడుగుతారు. అవీ రాస్తూనే ఉన్నాం. కానీ పరుగులో కూడా భూమి ఉంది, కూలి ఉంది, ఉద్యోగం ఉంది. చివరిదాకా చదివి అప్పుడు అడగండి.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో దేశంలోని యూనివర్సిటీల మధ్య అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి ఆచార్య నాగార్జున యూనివర్సిటీ తరఫున వంద మీటర్ల హర్డిల్స్ పరుగెత్తింది. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళల్లో పనిచేసిన మనిషి. ఆ పిల్ల 13.03 సెకన్లలో గీత దాటింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. అది 2002 నుంచి అట్లాగే ఉంది.

రికార్డు బద్దలైందనుకున్నారా? కాలేదు. లెక్కలోకే తీసుకోలేదు. ఎందుకని? డోపు పరీక్ష చేసేవాళ్ళు ఆ రోజు ఆమెకు పరీక్ష చెయ్యలేదు. అథ్లెటిక్స్ ఫెడరేషన్ తరఫున చూడాల్సిన సాంకేతిక అధికారి అక్కడ లేడు. రావాల్సినవాళ్ళు రాకపోవడం తప్పు. శిక్ష పరుగెత్తిన పిల్లకి!

2022 ఏప్రిల్లో కోజికోడ్‌లో 13.09లో పరుగెత్తింది. గాలి ఎక్కువగా వీచిందని అదీ తీసుకోలేదు. గాలి నియమం అందరికీ ఒకటే, దాంతో మాకు తగువు లేదు. ఆఖరికి 2022 మేలో సైప్రస్ దేశం పోయి 13.23లో పరుగెత్తితే అప్పుడు రికార్డు పుస్తకంలో ఆమె పేరు రాశారు. చూశారా? మూడబిదిరె పరుగు కంటే నెమ్మదిగా పరుగెత్తింది. అయినా రాశారు. అక్కడ చూసేవాళ్ళున్నారు, ఇక్కడ లేరు. తేడా అంతే.

కాలేజీ పిల్లల పరుగంటే ఈ దేశంలో ఇదీ విలువ. అధికారి రాడు, కెమెరా రాదు, విలేకరి రాడు. ఎవరూ చూడని పరుగు పరుగే కాదంటారు.

2023 జూలై, ఆగస్టు నెలల్లో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ యూనివర్సిటీల క్రీడలు జరిగాయి. మన దేశపు కాలేజీ పిల్లలు 26 పతకాలు తెచ్చారు. ఆ క్రీడల్లో అంతకుముందు ఎన్నడూ అన్ని రాలేదు. జ్యోతి అక్కడ 12.78లో పరుగెత్తి కంచు పతకం తెచ్చింది. మీ ఊరి టీ కొట్టు దగ్గర అడిగి చూడండి. ఈ 26 పతకాల సంగతి ఎంతమందికి తెలుసో లెక్కపెట్టండి. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. చెప్పాల్సినవాడు చెప్పలేదు.

ఇంకో పిల్ల సంగతి. అగసర నందిని. తండ్రి టీ అమ్ముతాడు. పిల్ల తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కంచు పతకం గెలిచింది. హెప్టాథ్లాన్ అంటే ఒక్క ఆట కాదు. హర్డిల్స్, హైజంపు, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు, లాంగ్‌జంపు, జావెలిన్, 800 మీటర్ల పరుగు. రెండు రోజుల్లో ఏడు పోటీలు. నందినికి 5712 పాయింట్లు వచ్చాయి. నాలుగో స్థానంలో వచ్చిన మన దేశపు అమ్మాయి కంటే నాలుగే నాలుగు పాయింట్లు ఎక్కువ.

నాలుగు రోజులు గడిచాయో లేదో, అక్టోబరు 5న అహ్మదాబాదులో క్రికెట్ ప్రపంచ కప్పు మొదలైంది. ఇక పేజీలన్నీ అదే. బ్యాటు బరువెంత, ఆటగాడు పొద్దున ఏం తిన్నాడు, పిచ్ మీద పచ్చిక ఉందా లేదా! మరి నందిని పేరు పెద్ద వార్త ఎప్పుడైందో తెలుసా? ఓడిపోయిన తోటి క్రీడాకారిణి ఆమె ఆడతనాన్నే శంకిస్తూ ఒక నీచమైన మాట రాసి, తర్వాత తీసేసుకున్నప్పుడు. గురుకులం పిల్ల ఏడు పోటీల్లో చెమటోడిస్తే చిన్న అక్షరాలు, అవమానిస్తే పెద్ద అక్షరాలు. మన గురించి వాళ్ళ పేజీలో ఎప్పుడూ ఇదే వరస. చంపితే వార్త, బతికితే వార్త కాదు.

ఈ మాట మేము ఒక పత్రిక కంట్రిబ్యూటర్‌తో అన్నాం. మా వైపు పిల్లలు కాలేజీల మీట్‌లో గెలిచిన ఫలితాలు ఒక కాగితం మీద రాసుకుపోయి ఇచ్చాం. ఆయన కాగితం తిప్పి చూసి, "ఇవన్నీ ఎవరు చదువుతారయ్యా? ఫొటోలో ఎమ్మెల్యే ఉన్నాడా? కనీసం యాడ్ అయినా ఇప్పించండి" అన్నాడు. ఎమ్మెల్యే లేడండీ, పిల్లలే ఉన్నారు అన్నాం. కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

జనం చూసేదే మేం వేస్తాం అని వాళ్ళ వాదన. ఈ వాదన పచ్చి బూటకం. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. అంత డబ్బు పోసినవాడు జనం చూస్తారో లేదో అని చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? పొద్దున లేచింది మొదలు చూపించి చూపించి చూసేట్టు చేస్తాడు. చూపించినందుకు జనం చూస్తారు. జనం చూస్తున్నారని మళ్ళీ చూపిస్తారు. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతుంది. ఆ గానుగలో పరుగు పందానికి చోటేది? పరుగెత్తడానికి బ్యాటు కొననక్కర్లేదు, ప్యాడ్లు కొననక్కర్లేదు. కొనేదేమీ లేని ఆటలో అమ్మేవాడికి లాభమేముంటుంది? అందుకే పేదవాడికి అందే ఆట పేజీకి అందదు.

మేము క్రికెట్‌కు శత్రువులం కాదు. వాడ పిల్లలు కోతలైపోయిన పొలాల్లో క్రికెట్ ఆడతారు, మేమూ ఆడాం. మా తగువు ఆటతో కాదు. పేజీ పంచేవాడితో.

ఈ జబ్బు మన దేశానిదే అనుకోవద్దు. అమెరికా కాలేజీల సంగతి చూడండి. అక్కడ కాలేజీ ఫుట్‌బాలంటే పిచ్చి. మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదది. నెత్తిన హెల్మెట్, భుజాలకు మెత్తలు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారం బంతిని చంకన పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చుంటారు. ఆ యూనివర్సిటీ ఉన్న కాలేజీల కూటమి, ముఖ్యంగా ఫుట్‌బాల్ చూపించడానికే, 2022లో టీవీ కంపెనీలతో ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్లకు పైగా ఒప్పందం చేసుకుంది. మన లెక్కలో 50 వేల కోట్ల రూపాయలు దాటింది.

మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆ ఆన్ ఆర్బర్ ఊరిలోనే 1935 మే 25న ఒక నల్లజాతి కాలేజీ కుర్రాడు పరుగెత్తాడు. పేరు జెస్సీ ఓవెన్స్. బానిసల మనవడు, కౌలు రైతు కొడుకు. ముప్పావు గంటలో మూడు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టి, నాలుగో దాన్ని సమం చేశాడు. ఆ రోజు అతను దూకిన 8.13 మీటర్లు పాతికేళ్ళు ఎవరూ దాటలేదు. అతను చదివిన ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అతనికి ఆటల స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. తెల్లవాళ్ళుండే హాస్టల్లో చోటివ్వలేదు. పనులు చేసుకుంటూ చదివాడు. మరుసటేడు బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు తెచ్చినవాడు, తర్వాత పొట్టకూటికి గుర్రాలతో పోటీపడి పరుగెత్తాడు. మనిషి గుర్రంతో పరుగెత్తితే చూడ్డానికి జనం వచ్చారు!

శాన్ హోసే స్టేట్ కాలేజీ కథ వినండి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో పతకాలు తీసుకుంటూ నల్ల తొడుగు వేసిన పిడికిలి పైకెత్తిన టామీ స్మిత్, జాన్ కార్లోస్ ఆ కాలేజీ వాళ్ళే. 1988లో ఆ కాలేజీ మగపిల్లల పరుగు జట్టునే ఎత్తేసింది. ఫుట్‌బాల్ జట్టును ఉంచుకుంది. 2005లో స్మిత్‌కూ కార్లోస్‌కూ కాలేజీలో విగ్రహాలు పెట్టారు. విగ్రహాలు పెట్టిననాడు ఆ జట్టు లేదు. మనకిది కొత్తా? బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేసిన చేత్తోనే మన పిల్లల స్కాలర్‌షిప్ ఫైలు పక్కన పడేసేవాళ్ళను రోజూ చూడటంలేదా? ఆ నల్ల పిడికిళ్ళ పోరాటం నుంచే బ్లాక్ పాంథర్ల పేరు తీసుకుని 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పుట్టారు. అందుకే వాళ్ళ కథ మన కథ.

మరి ఫుట్‌బాల్ ఆడే నల్లవాళ్ళు బాగుపడ్డారు కదా అంటారేమో. కాలేజీ ఫుట్‌బాల్లో నల్ల కుర్రాళ్ళు ఎంతోమంది. కోచ్‌లు కోట్లు తీసుకున్నారు. ఆటగాడు మాత్రం తన పేరు మీద, తన బొమ్మ మీద డబ్బు తీసుకోవడం 2021 దాకా నిషేధం. అంటే పేజీ ఇచ్చింది ఆటగాడికి కాదు, అమ్మకానికి. 2025 జూన్‌లో కోర్టు ఒప్పందంతో కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకు డబ్బివ్వచ్చని తేలింది. న్యాయమే. కానీ ఆ డబ్బులో పెద్ద వాటా ఫుట్‌బాల్‌కే. అదే నెలలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ డబ్బు సర్దుబాటు కోసమని అథ్లెటిక్స్‌లో దూకే పోటీలూ విసిరే పోటీలూ ఎత్తేసింది. కత్తి ఎప్పుడూ ఎవరూ చూడని ఆట మీదే పడుతుంది.

ఇప్పుడు చెప్పండి, పేజీ చిన్న విషయమా? పేరు అచ్చయితే ఊళ్ళో నలుగురికి తెలుస్తుంది. అధికారి మీద ఒత్తిడి వస్తుంది. సర్టిఫికెట్ సకాలంలో చేతికొస్తుంది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం అడగొచ్చు. గురుకులంలో పరుగెత్తే పిల్లకు గుడ్డు, పాలు ఏవని నిలదీయొచ్చు. అచ్చు కాకపోతే? కాలేజీ గ్రౌండు ఖాళీ జాగా అయిపోతుంది. ఖాళీ జాగా మీద ఎవరి కన్ను పడుతుందో మీకు మేము చెప్పాలా?

పత్రికల వాళ్ళను మేము దయ అడగటంలేదు. మా వాడల్లోనూ మీ పత్రిక డబ్బులిచ్చి కొంటున్నాం. మీట్ జరిగిన మర్నాడు గెలిచినవాళ్ళ పేర్లు, కాలేజీ, టైము, దూరం వెయ్యండి. ఆరు లైన్లు చాలు. ఆరు లైన్లు కూడా లేవంటే, లేనిది జాగా కాదు, మనసు.

కార్యకర్తలకు ఒక పని. వాళ్ళు వేసేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మీ దగ్గర కాలేజీ మీట్ ఎప్పుడు జరిగినా ఇద్దరు వెళ్ళండి. ఫలితాలు సెకన్లతో సహా రాసుకోండి. అధికారి వచ్చాడా రాలేదా, అదీ రాయండి. అంబేద్కర్ యువజన సంఘం బోర్డు మీద పిల్ల పేరు సుద్దతో పెద్దగా రాయండి. చదువు రానివాళ్ళకు చదివి వినిపించండి.

వచ్చే సంచికలో చివరి పేజీ ఖాళీగా ఉంచుతున్నాం. అందులో వ్యాసాలుండవు, కవిత్వం ఉండదు. మీరు పంపే పేర్లూ సెకన్లే ఉంటాయి. పంపండి.

జై భీమ్!