సభలో కుర్చీ లేని స్త్రీలు

మద్రాసు శాసన మండలి చర్చల పాత సంపుటాలు చదివినప్పుడల్లా నాకు గర్వం, కోపం రెండూ కలుగుతాయి. గర్వం ముత్తులక్ష్మీ రెడ్డిని చూసి. ఆ మండలిలో అడుగుపెట్టిన మొదటి స్త్రీ ఆమె. చుట్టూ అందరూ పురుషులే. ఆడపిల్లల్ని గుళ్లకు అంకితం చేసే ఆచారాన్ని ఆపాలంటూ 1927లో తీర్మానం పెట్టింది. సంప్రదాయం పేరుతో, కళ పేరుతో అడ్డుపడిన వాళ్లకు ఎదురు నిలిచింది. ఆమె తల్లి దేవదాసి కుటుంబంలో పుట్టిన మనిషే. ఆ బాధ ఆమె పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు.

మరి కోపం ఎందుకు? ఎవరి బతుకుల మీద అంత చర్చ జరిగిందో, ఆ వృత్తిలో ఉన్న ఒక్క స్త్రీకి కూడా ఆ సభలో కుర్చీ లేదు. అలాగని వాళ్లు నోరు మూసుకుని కూర్చోలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ వంటి వాళ్లు సంఘంగా కూడి ప్రభుత్వానికి వినతిపత్రాలు పంపారు. తమ మీద వ్యభిచారిణులనే ముద్ర వేయొద్దన్నారు, తమ పిల్లలకు చదువు కావాలన్నారు. వృత్తి పోతుందని ఏడుస్తున్నారని ఆ మాటల్ని తోసిపుచ్చడం ఎంత తేలిక! కానీ ఆ కుటుంబాల్లో ఆస్తి కూతురికి వచ్చేది. కూతుర్ని దత్తత చేసుకునే వీలుండేది. అదే కాలంలో ‘కులస్త్రీ’గా గౌరవం పొందిన హిందూ వితంతువుకు భర్త ఆస్తిపై సంపూర్ణ హక్కు రావడానికి 1956 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంతకీ ఎవరు ఎవర్ని ఉద్ధరిస్తున్నట్టు?

ఇలా అంటే నేను ఆచారాన్ని వెనకేసుకొస్తున్నానని కొందరు మిత్రులు నొచ్చుకుంటారు. కాదు. పసిపిల్ల బతుకును దేవుడి పేరు చెప్పి రాసిచ్చే హక్కు ఎవరికీ లేదు. తెలంగాణ పల్లెల్లో జోగిని అయిన దళిత స్త్రీకి మాన్యమూ దక్కలేదు, కళాకారిణి అన్న మర్యాదా దక్కలేదు. దక్కింది ఊరి పెద్దల దోపిడీ ఒక్కటే. నిషేధం కావలసిందే. నిషేధంతో పాటు ఆమె చేతికి ఏం వచ్చిందన్నదే నా ప్రశ్న.

1929 సవరణ చట్టం మాన్యాన్ని గుడి సేవ నుంచి విడదీసి, భూమిని ఆ స్త్రీల చేతిలోనే ఉంచాలని చూసింది. 1947 చట్టం అంకితం చేయడాన్ని నేరం చేసింది. అది మద్రాసు రాష్ట్రానికే పరిమితం. నిజాం ఏలుబడిలోని తెలంగాణకు వర్తించలేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. శిక్షల గురించి మాట్లాడినంత గట్టిగా మనం భూమి గురించి మాట్లాడామా?

ఈ తప్పు మండలిది మాత్రమే కాదు. కొన్నేళ్ల కింద ఒక సదస్సులో జోగిని స్త్రీలను వెనక వరసలో కూర్చోబెట్టి, తలా ఐదు నిమిషాలు తమ కష్టం చెప్పమన్నాం. వాళ్లు ఏడ్చారు, మనం రాసుకున్నాం. సాయంత్రం తీర్మానాలు ఇంగ్లీషులో తయారయ్యాయి. అవి రాసిన వాళ్లలో నేనూ ఉన్నాను. వాళ్లకు చదివి వినిపిద్దామన్న ఆలోచన నాకూ రాలేదు.

అందుకే నేను కోరేది ఇది. ఏ స్త్రీల గురించి ముసాయిదా రాస్తామో, ఆ స్త్రీలు రచనా సంఘంలో సభ్యులు కావాలి. ముసాయిదాను ముందు తెలుగులో వాళ్లకు చదివి వినిపించాలి. వాళ్లు కాదన్న మాటను కొట్టేయాలి. భూమి, ఇల్లు వాళ్ల పేరు మీదే ఉండాలన్నది మొదటి అంశంగా ఉండాలి. ఇది చేయలేని సంఘం వాళ్ల తరఫున మాట్లాడుతున్నానని చెప్పుకోకూడదు.