అభిమన్యుడికి తెలియని సగం

మొన్న సోమవారం మధ్యాహ్నం ప్రిన్సిపాలుగారు నాకు కబురు పంపారు. తెలుగు లెక్చరర్ని ప్రిన్సిపాలుగారు పిలిపించారంటే సాధారణంగా రెండే కారణాలుంటాయి. ఎవరికైనా సన్మానపత్రం రాయాలి, లేదా వార్షికోత్సవంలో ప్రార్థనగీతం ఎవరు పాడాలో తేల్చాలి. అంచేత కలం జేబులో పెట్టుకునే వెళ్లాను. తీరా వెళితే, ఈసారి కావలసింది సన్మానపత్రం కాదట, వ్యూహపత్రమట!

"మాస్టారూ, డేటా మీదా, కృత్రిమ మేధ మీదా మన కాలేజీకి ఒక స్ట్రాటజీ వుండాలి. తనిఖీకి వచ్చేవాళ్లు అడుగుతారు. ఇంగ్లీషులో ఎలాగో తయారవుతుంది. తెలుగులో మీరు రాసిపెట్టండి" అన్నారు.

సంగతేమిటయ్యా అంటే, ఒక కంపెనీవారు వచ్చి ఒక కంప్యూటరు ప్రోగ్రాం చూపించి వెళ్లారు. పిల్లల హాజరు, మార్కులు, ఫీజు కట్టిన తేదీలు, సొంత వూరు, చదివిన స్కూలు, ఇవన్నీ దానికి అందిస్తే, ఈ యేడు ఎవరు పరీక్ష తప్పుతారో, ఎవరు మధ్యలో చదువు మానేస్తారో ముందే చెబుతుందట. పేరు పక్కన ఎర్ర చుక్క పడితే ప్రమాదం, ఆకుపచ్చ చుక్క పడితే క్షేమం. మా మొదటి సంవత్సరం పిల్లల వివరాల మీద మచ్చుకు నడిపి, ఒక జాబితా కూడా చేతిలో పెట్టి పోయారు. ఆ వివరాలు ఇచ్చేముందు పిల్లల్ని గాని, వాళ్ల తలిదండ్రుల్ని గాని అడిగినవారు లేరు. ఆ మాట అప్పుడు నాకూ తట్టలేదు. దాచుకోవడమెందుకు?

ఎర్ర చుక్కల్లో ఒక పేరు చూసి ఆగిపోయాను. మా తరగతిలో తెలుగు వాక్యం తప్పులేకుండా రాసే నలుగురైదుగురిలో ఆ అమ్మాయి ఒకతె. పిలిచి అడిగాను, "ఏమ్మా, మొదటి గంటకి రావడం లేదట?"

"రోజూ వస్తున్నాను కదా సార్! మా వూరి పల్లెవెలుగు బస్సు తొమ్మిదీ నలభైకి గాని స్టాండులోకి రాదు. నేను వచ్చేసరికి మీరు హాజరు వేసేసి వుంటారు."

నిజమే. రోజూ ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి "లోపలికి రావచ్చా సార్" అంటుంది. నేను తల వూపుతాను. పాఠం వింటుంది. కాని తొమ్మిదిన్నరకు తెరిచిన హాజరుపట్టీని మళ్లీ తెరవకపోవడం ఇరవై యేళ్లుగా నా నియమం. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. కంప్యూటరు దాన్ని ఆ పిల్ల సోమరితనం అనుకుంది. అందులో దాని తప్పేముంది? నేను రాసిందే చదివింది. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?

ఇది చిన్న వూళ్లో చిన్న కాలేజీ సంగతి. ఇదే పొరపాటు ఒక దేశమంతటా జరిగితే ఎలా వుంటుందో 2020లో ఇంగ్లండు చూసింది. ఆ యేడు కరోనా వల్ల అక్కడ ఎ-లెవెల్ పరీక్షలు రద్దయ్యాయి. మన ఇంటర్మీడియట్ లాంటివి అవి. ఆ గ్రేడులను బట్టే విశ్వవిద్యాలయంలో సీటు. పరీక్ష లేకుండా గ్రేడు ఎలా? పిల్లలకు రావలసిన గ్రేడులు అంచనా వేసి, ప్రతి సబ్జెక్టులోనూ వాళ్లను వరసకట్టి పంపమని ఉపాధ్యాయుల్ని కోరారు. కాని మేష్టర్లు మెత్తని మనుషులు, గ్రేడులు ధారాళంగా వేస్తారని ఒక భయం. అంచేత పరీక్షలను నియంత్రించే ఆఫ్‌క్వాల్ అనే సంస్థ ఒక గణిత సూత్రం తయారు చేసింది. నిజానికి అది కృత్రిమ మేధ కూడా కాదు, ఉత్త గణాంక సూత్రమే. ఆ స్కూల్లో అంతకుముందు మూడేళ్లలో ఎలాంటి గ్రేడులు వచ్చాయో, ఇప్పటి పిల్లలకు వెనకటి పరీక్షల్లో ఏమి వచ్చాయో చూసి, ఈ యేడు ఈ స్కూలుకు ఇన్ని పై గ్రేడులు, ఇన్ని కింది గ్రేడులు అని తేల్చి, మేష్టర్ల వరస ప్రకారం పంచిపెట్టింది.

ఆగస్టు 13న ఫలితాలు వచ్చాయి. మేష్టర్లు వేసిన గ్రేడుల్లో నూటికి దాదాపు 39 కిందికి దిగిపోయాయి. ఒక బీదపేటలోని పెద్ద ప్రభుత్వ పాఠశాలను తలుచుకోండి. మూడేళ్లుగా అక్కడ ఎవరికీ పై గ్రేడు రాలేదు. ఈ యేడు ఒక చురుకైన పిల్ల వచ్చింది. ఆమెకు పై గ్రేడు ఇవ్వడానికి సూత్రంలో చోటు దొరకడం కష్టం. ముందు చదివినవాళ్ల జాతకం ఆమె మెడకు చుట్టుకుంది. ఇక తరగతిలో అయిదుగురో, అంతకన్నా తక్కువో వుంటే సూత్రం పనిచెయ్యదని, మేష్టరు మాటే చెల్లుతుందని నియమం. అంత చిన్న తరగతులు ఎక్కువగా ఎక్కడ వుంటాయి? డబ్బు కట్టి చదివే ప్రైవేటు స్కూళ్లలో. తక్కిన స్కూళ్లకన్నా అక్కడ పై గ్రేడులు ఎక్కువగా పెరిగాయి.

ఆ సూత్రం తయారుచేసినవాళ్లు దుర్మార్గులు కారు. స్కూలుకీ స్కూలుకీ మధ్య న్యాయం చెయ్యాలనే వాళ్ల తాపత్రయం. దేశం మొత్తం మీద లెక్క సరిపోయింది కూడా. ఒక్కొక్కరి లెక్కే తప్పింది. అందర్నీ ఒకే గాటన కడితే జరిగేది అదే.

సరే, తప్పింది. దిద్దుకునే దారేదీ? గ్రేడు తగ్గిన పిల్ల తనంత తానుగా అప్పీలు చేసుకోవడానికి వీల్లేదు, స్కూలు ద్వారానే వెళ్లాలి. 15వ తేదీన అప్పీలు నిబంధనలు ప్రకటించి, కొద్ది గంటల్లోనే వాటినీ వెనక్కి తీసుకున్నారు. పిల్లలు వీధుల్లోకి వచ్చారు. 17న ప్రభుత్వం దిగివచ్చి, సూత్రాన్ని పక్కన పెట్టి, తగ్గినవారికి మేష్టర్ల గ్రేడులే ఖాయం చేసింది. ఆ నెలలోనే ఆఫ్‌క్వాల్ అధిపతి రాజీనామా చేసింది.

వ్యూహమంటే మాకు ముందు గుర్తొచ్చేది పద్మవ్యూహం. అభిమన్యుడికి లోపలికి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదు. ఆ ఇంగ్లండు వ్యూహంలోనూ లేనిది ఆ రెండో సగమే. చిత్రమేమిటంటే, వ్యూహం పన్నింది పెద్దవాళ్లు, లోపల చిక్కింది పిల్లలు.

బుధవారంనాడు మా స్టాఫ్‌రూములో ఈ జాబితా మీద చర్చ జరిగింది. ఒక మిత్రుడు, "ఎర్ర చుక్కలవాళ్లని ఈసారి పరీక్షకు కూర్చోనివ్వకుండా వుంటే మన ఉత్తీర్ణత శాతం పెరుగుతుంది" అన్నాడు. లెక్కల మేడంగారు, "వాళ్లకే సాయంత్రం ఒక గంట అదనంగా పాఠం చెబితే పోలా?" అన్నారు. జాబితా ఒకటే, చుక్కలు అవే. ఒకరి చేతిలో అది గెంటే కర్ర, మరొకరి చేతిలో వూతకర్ర.

నేను ఇంగ్లండు కథ చెప్పి, యంత్రం వద్దే వద్దన్నాను. మేడంగారు నవ్వి, "మాస్టారూ, మనుషులు మాత్రం పొరపాటు చెయ్యరా? ఆ పిల్ల రోజూ మీ కళ్లెదుటే లోపలికి వచ్చేది. జాబితా చూశాకే కదా మీరు ఎందుకని అడిగారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అంచేత వ్యూహపత్రంలో యంత్రం వద్దని రాయలేదు. ఏ పని కోసమో మొదటి వాక్యంలోనే చెప్పాలని రాశాను: సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడం కోసం, ఎవర్నీ ఆపడం కోసం కాదు. ఆ పనికి అక్కరలేని వివరం తీసుకోరాదు. ఏ వూరి పిల్లో, ఫీజు ఏ తేదీన కట్టిందో తెలియకపోయినా పాఠం చెప్పవచ్చు. తీసుకునే ముందు అడగాలి. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, కొన్ని మినహాయింపులున్నా, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో తలిదండ్రుల అనుమతి కావాలంటోంది. కొనేముందు వెనకటి యేళ్ల వివరాలు ఇచ్చి, అది చెప్పిన జోస్యాన్ని అసలు ఫలితాలతో పోల్చాలి. మొత్తం మీద ఎంత సరిపోయిందన్నది చాలదు. బస్సుల్లో వచ్చే పల్లె పిల్లల విషయంలో ఎంత తప్పిందో విడిగా చూడాలి.

చివరిది, నా దృష్టిలో ముఖ్యమైనది, బయటికి వచ్చే దారి. చుక్క పడిన ప్రతి పిల్లకీ ఆ సంగతి, దాని కారణం చెప్పాలి. "ఇది తప్పు" అనడానికి ఒక మనిషి వుండాలి. ఆ మనిషి పేరు నోటీసుబోర్డు మీద వుండాలి. ఆయనకు చుక్క చెరిపే అధికారం వుండాలి. యేడాదయ్యాక ఎవరికీ మేలు జరగలేదని తేలితే ప్రోగ్రామునే ఆపేసే అధికారం కాలేజీకి వుండాలి. మంచితనం ఒక పేజీలో, పనితనం మరో పేజీలో రాయడానికి ఇవి రెండు విషయాలు కావు. తప్పు దిద్దుకోలేని యంత్రం న్యాయమూ చెయ్యలేదు, పనికీ రాదు.

ప్రిన్సిపాలుగారు చదివి, "వ్యూహం తక్కువ, షరతులు ఎక్కువ వున్నాయే మాస్టారూ" అన్నారు. అయినా కాగితం పాలకవర్గానికి పంపారు. నోటీసుబోర్డు మీద ఎవరి పేరు పెట్టాలన్న దగ్గర ఆగింది. ఎవరూ ముందుకు రాకపోతే నా పేరే పెట్టమన్నాను.

ఈలోగా ఒక పని నా చేతిలోనే వుంది కనుక చేశాను. హాజరు ఇప్పుడు గంట చివర్లో వేస్తున్నాను. పల్లెవెలుగు పిల్లలందరికీ హాజరు పడుతోంది. మొదట్లో వచ్చి పలికి, మధ్యలో వెనక తలుపులోంచి జారుకునే మహానుభావులు మాత్రం, ఇది అన్యాయమని ప్రిన్సిపాలుగారికి అర్జీ పెట్టుకున్నారు. అప్పీలు దారి ముందుగా వాళ్లకే తెలిసింది!